అడక్కుండా విసిరిన పేరు

రేడియో అయితే కట్టేసింది గానీ, ఎదురు బారులో పాట ఆగలేదు.

మా చెల్లెలు లాండు కిటికీ మూసింది. గుమ్మానికి పరదా లాగింది. మిట్టమధ్యాహ్నం, పైన రేకులు. ఇల్లు ఉడికిపోతోంది. పాట గోడల్లోంచి వస్తూనే ఉంది.

"వానొచ్చింది, ఎవరి గుమ్మం తట్టను..."

అది నా మేనకోడలు మాకియెసె గొంతు. ఆ మాట తర్వాత గిటారు ఆగుతుంది. ఆ సందులో పిల్ల కేకేస్తుంది. "లొకోతా! కర్నల్ లొకోతా! నువ్వున్నావుగా!"

పోయిన శుక్రవారం ఆ కేక దగ్గర బారంతా లేచి గెంతింది. సీసాలు గాల్లోకి లేచాయి. ఇవాళ కుర్చీ జరిగిన చప్పుడు కూడా లేదు.

"పొద్దుటినించి ఇదే పాట," అంది లాండు. "వాడికి ఇంకో పాట లేదా? అన్నయ్యా, నువ్వన్నా వెళ్ళి ఆపమని చెప్పు."

నేను లేవలేదు. ఆదివారం చర్చి వదిలే వేళకి కర్నల్‌ని ఇంట్లోంచి పట్టుకుపోయారు. సోమవారం టీవీలో ద్రోహి అన్నారు. అప్పటినించి ఆ పేరు కిన్షాసాలో ఎవరూ పైకి అనడం లేదు. అలాంటిది బారువాడు సరదాకి వేస్తాడా? ఎవరో వేయిస్తున్నారు. వెళ్ళి ఎవర్ని అడగాలి?

మాకియెసె చాప మీద కూచుని గోళ్ళ రంగు గీకుతోంది. పాట బయటికొచ్చిన రోజు వేసుకున్న రంగు. ఎర్రటి పొట్టు ఒళ్ళో పడుతోంది.

"చెప్పవే," అంది తల్లి. "ఎంతిచ్చాడు?"

పిల్ల ఇంకో గోరు అందుకుంది.

"ఎంతో కొంత ఇచ్చే ఉంటాడుగా. ఈ ఊళ్ళో గొంతున్న ప్రతివాడూ పాటలో పేర్లు పెట్టే బతుకుతున్నాడు. అదే పాటలో సిమెంటు షావుకారి పేరు అన్నావు. కోడిమాంసం ఓడల మీద తెప్పిస్తాడే, అతని పేరు అన్నావు. వాళ్ళిచ్చారు, నువ్వన్నావు. తప్పేం లేదు. మరి వీడెంతిచ్చాడు?"

"ఊరుకో అమ్మా."

"నేనూరుకుంటే వాళ్ళూరుకుంటారా? రేపొచ్చి వాళ్ళడిగేది కూడా ఇదే. కన్నదాన్ని, నాకు తెలియాలా అక్కర్లేదా?"

"తెలిసి ఏం చేస్తావు?"

"ఏదో ఒకటి చేస్తాను. ముందు తెలియనీ."

బారులో పాట అయిపోయింది. ఒక్క నిమిషం ఊపిరి తీసుకున్నాం. మళ్ళీ మొదలైంది. వానొచ్చింది.

లాండు లేచి కూతురి ముందుకొచ్చి నిలబడింది. గొంతు తగ్గించి అడిగింది.

"పడుకున్నావా వాడితో?"

పిల్ల తలెత్తి తల్లిని చూసింది. ఆ చూపు నేను చూడలేక గోడవైపు తిరిగాను.

"లాండూ," అన్నాను.

అంతే అన్నాను. చెల్లెలు వెనక్కి వెళ్ళి పొయ్యి దగ్గర కూచుంది. ఏడవలేదు. మంట లేకపోయినా గిన్నె మూత తీసింది, పెట్టింది.

అప్పుడు వీధిలో మోటారుసైకిలు ఆగింది. పరదా పక్కకి తోసుకుని జూజి లోపలికి వచ్చింది. తలకీ మొహానికీ బట్ట చుట్టుకుంది. ఒక్క కళ్ళే కనిపిస్తున్నాయి.

జూజి 'ఫొలోలో' అనే పాటల జట్టు పిల్ల. ఫొలోలోలో నలుగురుండేవాళ్ళు. వాళ్ళలో మా పిల్ల బయటికొచ్చేసింది, ముగ్గురు మిగిలారు. బయటికొచ్చినప్పటినించి ఈ గడప తొక్కింది జూజి ఒక్కతే.

"అబ్బ, ఏం ఉక్క!" అంది బట్ట విప్పుకుంటూ. "ఇల్లు మూసేసి ఏం చేస్తున్నారు, చేపలు ఎండబెడుతున్నారా? దండం మామయ్యా. అమ్మా, తినడానికేమన్నా ఉందా? నాకు భయమేస్తే ఆకలి ఎక్కువ."

లాండు ఫుఫు ముద్ద, కర్రపెండలం ఆకుల కూర పెట్టింది. జూజి నేల మీదే కూలబడింది.

"ఎవరన్నా చూశారా నువ్వు రావడం?" అంది మాకియెసె.

"చూడకపోవడమేం? ఎదురు బారులో కూచున్నవాళ్ళంతా చూశారు. ఒక్కడూ తాగడం లేదు. సీసాలు ముందు పెట్టుకుని బడిపిల్లల్లా కూచున్నారు. నీ పాట వింటున్నారే తల్లీ, నీకింత మర్యాద ఏనాడన్నా జరిగిందా?"

మాకియెసె నవ్వబోయి మానేసింది.

"నన్ను ఒర్తాన్స్ పంపింది," అంది జూజి.

ఒర్తాన్స్ ఫొలోలోకి ప్రెసిడెంటు. పిల్లల్ని ఏరింది ఆవిడ, నేర్పింది ఆవిడ, బట్టలు కుట్టించింది ఆవిడ. పాట ఎవరు పాడాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో కూడా ఆవిడే చెప్పాలి. మా పిల్ల బయటికి పోతానన్నప్పుడు ఆవిడ వీధిలో నిలబడి శపించింది. ఆ శాపం వీధంతా విన్నారు.

"ఏమందేం?" అంది లాండు.

"ముందు తిట్టింది. అది నేను చెప్పను, తినేటప్పుడు బాగుండదు. తర్వాత ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది అమ్మా, మొహానికి రాసిందంతా కారిపోయింది. ఆ తర్వాత ఈ కబురు చెప్పింది." జూజి ముద్ద మింగింది. "రేపు జనరల్ యెంబో గారి విందు. కొత్త నక్షత్రం పెట్టారుగా భుజానికి. ఏటి ఒడ్డు హాల్లో, మధ్యాహ్నం. ఫొలోలో పాడుతోంది. మాకియెసెని వచ్చెయ్యమంది. మళ్ళీ నలుగురం అవుతాం."

కర్నల్‌ని పట్టించింది జనరల్ యెంబోయే. ఆ సంగతి ఆ గదిలో ఎవరూ అనలేదు. అందరికీ తెలుసు.

"ఊరికే వచ్చెయ్యమందా?" అంది మాకియెసె.

"నీ పాట కూడా తెమ్మంది."

"నా పాటా?"

"ఇంకనించి అది ఫొలోలో పాట. నలుగురి గొంతుతో మళ్ళీ తీస్తారు. ఆ కేకలో ఆయన పేరు తీసేసి జనరల్ గారి పేరు పెడతారు. పాతది మొదట మనమే పాడుకున్నామనీ, స్టూడియోవాడు తొందరపడి పాడుచేసి వదిలాడనీ ఒర్తాన్స్ చెప్పుకుంటుంది. జనం నమ్మనక్కర్లేదు. జనరల్ గారు విని సంతోషిస్తే చాలు."

"ముందు గొంతు ఎవరిది?"

జూజి పళ్ళెంలోకి చూసింది. "ఒర్తాన్స్ చెల్లెలిది."

"మరి నేను?"

"నీ చోటు నీకుంది."

"ఏ చోటు?"

"నీకు తెలీదా, నన్నడుగుతావేం? చివర."

లాండు పొయ్యి దగ్గరనించి లేచి వచ్చింది. "చివరైతేనేం? బతికుంటే ఎక్కడైనా నిలబడొచ్చు. ఒప్పుకోవే. ఆ ఒర్తాన్స్ కాళ్ళు నేను పట్టుకుంటాను. నువ్వు ఊ అను చాలు."

"స్టూడియోలో నేను పాడితే బయట ఆవిడ చెల్లెలి నోరు కదిలేది అమ్మా. మర్చిపోయావా? డిస్కు అట్ట మీద నా మొహం సగానికి కోశారు. నువ్వే చూసి తిట్టావు."

"తిట్టాను. అప్పుడు తిట్టడానికి ధైర్యముంది."

పాట మళ్ళీ కేక దగ్గరికి వచ్చింది. లొకోతా! మేం నలుగురం నోళ్ళు మూసుకుని ఆ కేక దాటేదాకా ఆగాం. సొంత ఇంటి పిల్ల గొంతుకి అలా భయపడ్డం నాకు కొత్త.

"జూజీ," అంది మాకియెసె. "నీకొకటి చెప్తాను. అమ్మా, నువ్వూ విను. మామయ్యా, నువ్వు కూడా." గోళ్ళు గీకడం ఆపింది. "ఆయన నాకేమీ ఇవ్వలేదు."

"పోనీ ఇస్తానన్నాడా?" అంది తల్లి.

"అడగలేదు. నేనూ అడగలేదు. ఆయనకసలు తెలీదు. ఉత్తినే విసిరాను."

జూజి చేతిలో ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది.

"ఉత్తినేనా?"

"ఉత్తినే."

జూజి నవ్వింది. గట్టిగా నవ్వింది. నవ్వుతూ మా మొహాలు చూసి ఆపేసింది. ముద్ద పళ్ళెంలో పెట్టేసింది.

"ఈ మాట ఇంకెక్కడా అనకు. విన్నావా? ఎవరడిగినా డబ్బిచ్చాడని చెప్పు. ఎంతో ఒక అంకె చెప్పు. డబ్బు తీసుకుని పేరు విసిరితే అది వ్యాపారం. నువ్వూ అందర్లాంటిదానివే. ఉత్తినే విసిరావంటే ఎవడు నమ్ముతాడే? ప్రేమన్నా ఉండాలి, పార్టీ అన్నా ఉండాలి. రెండిట్లో దేనికైనా తీసుకుపోతారు."

"డబ్బిచ్చాడంటే ఆ డబ్బేదీ అంటారు," అంది లాండు. "ద్రోహి డబ్బు ఎక్కడ దాచారంటారు. ఈ ఇంట్లో నేల తవ్వుతారు."

జూజి పళ్ళెం పక్కకి జరిపింది.

"ఎందుకు విసిరావే?" అంది తల్లి. ఇందాకటి గొంతు కాదు. అలిసిపోయిన గొంతు.

మాకియెసె జూజి వైపు తిరిగింది.

"మటాడిలో రేవు పండగ గుర్తుందా జూజీ? ఎర్ర గౌన్లు, నా జిప్పు ఊడిపోతే నువ్వు పిన్నీసు పెట్టావు."

"ఆ. నా వేలికి గుచ్చుకుంది."

"ఆయన పేరు కేకేశాం. ఆయన లేచి ఆడుతూ వచ్చాడు నోట్లు పట్టుకుని. ఎప్పుడూ ఎలా ఉంటుందో నీకు తెలుసుగా. ముందు నిలబడ్డదాని నుదుటికి అద్దుతారు, తర్వాత నీకు, తర్వాత మూడోదానికి. అక్కడికి పాటన్నా అయిపోతుంది, జేబన్నా అయిపోతుంది. వెనక్కి తిరుగుతారు. నా దాకా ఎవడూ రాడు. ఆ రోజు ఆయన వచ్చాడు. చివరిదాకా నడిచి వచ్చి నా నుదుటికీ అద్ది, చెవి దగ్గర అన్నాడు, ఆ పైన వినబడే గొంతు నీదే కదమ్మా అని."

"అంతేనా?"

"అంతే. మళ్ళీ ఎప్పుడూ చూడలేదు."

"ఆ ఒక్క మాటకా!" అంది లాండు.

"ఒంటరిగా పాడాలని నాకు తోచింది ఆ మాటకేనమ్మా. పాట కడుతుంటే అక్కడొక సందు మిగిలింది. ఏ పేరు పెడదామా అనుకుంటే ఆ పేరు వచ్చింది, రాగంలో ఒదిగింది. అబద్ధం ఎందుకు, పెద్దమనిషి విని సంతోషిస్తే పిలిచి ఏదన్నా ఇస్తాడేమోనని కూడా అనుకున్నా. కొత్తగా పాడేవాళ్ళంతా ఒకటన్నా అలా విసురుతారు. నేనూ విసిరాను. శుక్రవారం విసిరితే ఆదివారం ఇలా అవుతుందని నాకేం తెలుసు?"

అది నిజం. అలా విసరనివాళ్ళు ఈ ఊళ్ళో లేరు. అడక్కుండా పేరు విసిరితే ఆ పేరుగలవాడు సిగ్గుపడైనా పిలుస్తాడు. పెద్ద పెద్ద పాటగాళ్ళంతా మొదట అలా పైకొచ్చినవాళ్ళే. విసిరిన పేరు మాత్రం మళ్ళీ వెనక్కి రాదు.

జూజి చెయ్యి కడుక్కుంది. తలకి బట్ట చుట్టుకోవడం మొదలెట్టింది.

"ఒర్తాన్స్‌కి ఏమని చెప్పను?"

మాకియెసె నావైపు చూసింది. లాండు కూడా చూసింది. మాలో పిల్ల సంగతి ఏదైనా మేనమామ నోటినించి రావాలి. పెళ్ళైనా అంతే, ఊరు వదలడమైనా అంతే. ఫొలోలోలో చేరినప్పుడు ఒర్తాన్స్ సీసా తెచ్చి నా ముందే పెట్టింది.

ఒప్పుకోమంటే పిల్ల గొంతు పోతుంది. వద్దంటే పిల్లే పోతుంది. ముగ్గురూ చూస్తున్నారు. నేను నా చేతులు చూసుకుంటూ కూచున్నాను.

అప్పుడు బారులో పాట ఆగింది. అయిపోయి ఆగడం కాదు. మధ్యలో, మాట సగంలో తెగిపోయింది.

పొద్దుటినించి ఆగితే బాగుండునన్న పాట అది. ఆగితే ఇంకా భయమేసింది.

జూజి పరదా సందులోంచి చూసింది. "ఒకతను వస్తున్నాడు," అంది. "బారులోంచే. వెనక యూనిఫారం వాడొకడు. జీపు కూడా వస్తోంది." కాసేపాగి మళ్ళీ అంది. "అబ్బో, బూట్లు చూడు."

గుమ్మం బయటనించి, తలుపు తట్టే బదులు నోటితో "కో కో కో" అన్నాడు. చుట్టాలు అన్నట్టే అన్నాడు. లాండు రమ్మనేదాకా ఆగి, అప్పుడు పరదా తీశాడు.

పొడుగైన మనిషి. ద్రాక్షరంగు సూటు, దానికి తగ్గ టై. బూట్లు పసుప్పచ్చవి, మా వీధి బురద వాటికి ఎక్కడా అంటలేదు. సెంటు వాసన ముందొచ్చింది. యూనిఫారం అతను గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"దండం పెద్దాయనా. దండం అమ్మా." అందర్నీ ఒక్కొక్కరినే చూశాడు. లాండు కుర్చీ తుడిచి వేసింది. జేబురుమాలు పరుచుకుని కూచున్నాడు. మంచినీళ్ళిస్తే సగం తాగి మెచ్చుకున్నాడు.

"చాలా మంచి పాట," అన్నాడు. "పొద్దుటినించి వింటున్నాను. విసుగు రాలేదు."

జూజి పళ్ళెం తీసి పొయ్యి దగ్గర పెట్టింది.

"ఆ కేక దగ్గర ఎవరన్నా లేస్తారేమో అని చూశాను. ఒక్కరూ లేవలేదు. మీ వీధి మంచి వీధి."

"మా పిల్లకి డబ్బిచ్చారు నాయనా," అంది లాండు ఉన్నట్టుండి. "అందరిచ్చినట్టే ఇచ్చారు, ఇదీ పేరు అంది. అది దాని పని. మనిషిని ఎరగదు."

"ఎంతిచ్చారమ్మా?"

లాండు నోరు తెరిచింది. అంకె రాలేదు.

"ఇవ్వలేదు," అంది మాకియెసె.

అతను తలూపాడు. "ఇవ్వలేదని నాకు తెలుసు. ఆయన దగ్గర తీసుకున్నవాళ్ళతో మూడ్రోజులుగా మాట్లాడుతూనే ఉన్నాం. నీ పేరు ఎవరూ చెప్పలేదు. అందుకే నిన్ను చూడాలనిపించింది. ఉత్తినే కేకేసే పిల్ల ఎవరా అని." మిగతా నీళ్ళు తాగాడు. "భయపడకండి. తీసుకుపోవడానికి రాలేదు. పిలవడానికొచ్చాను. రేపు జనరల్ గారి విందుకి ఈ అమ్మాయి పాడాలి. ఒక్కతే పాడాలి."

జూజి ముందుకి జరిగింది. "పాడుతుంది అయ్యా, తప్పకుండా. ఇప్పుడే అనుకుంటున్నాం. ఆ చోట జనరల్ గారి పేరు ఎంత బాగా కుదురుతుందో..."

"వద్దు," అన్నాడు అతను. నవ్వుతూనే అన్నాడు. "ఒక్క మాట కూడా మారకూడదు. లొకోతా అనే అనాలి."

జూజి బట్ట చుట్టుకోబోయిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"జనరల్ గారి ముందా?" అంది మాకియెసె.

"ఆయన ముందే. వచ్చినవాళ్ళందరి ముందూ. భోజనాలయ్యాక, అందరూ కాస్త తాగాక. గిటారు ఆగాలి, నువ్వు కేకెయ్యాలి. పోయిన శుక్రవారం ఎలా వేశావో అలాగే, సంతోషంగా. కేకేసి, కాసేపు ఊరుకోవాలి."

"ఎవరన్నా లేస్తే?"

"లేవనీ."

"నా దగ్గరికొచ్చి నోటు అద్దితే?"

"అద్దనీ. నువ్వు నవ్వు." ప్యాంటు మీద లేని దుమ్ము దులుపుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఆ పేరు వినబడగానే లేచినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇప్పుడందరూ మేం కాదంటున్నారు. నోటితో కాదనడం తేలిక. కాళ్ళ సంగతి వేరు. చూద్దామని జనరల్ గారికి సరదా."

లాండు కూతురి పక్కన చాప మీద కూచుంది.

నాకు ఆ హాలు కళ్ళకి కట్టింది. తాగి ఉన్న మనుషులు. ఏళ్ళ తరబడి ఆ పేరుకి లేచి ఆడిన కాళ్ళు. గిటారు ఆగి, కేక పడేసరికి ఒకడు సగం లేస్తాడు. లేచాక గుర్తొస్తుంది. అప్పటికే చూసేవాళ్ళు చూసేస్తారు. మా పిల్ల మైకు పట్టుకుని నవ్వుతూ నిలబడాలి. ఆ తర్వాత దీని పాటకి ఈ దేశంలో ఎవడు లేస్తాడు? దీని నోట తన పేరు రావాలని ఎవడు కోరుకుంటాడు? మనుషుల్ని పట్టించిన గొంతని అంటారు. చచ్చేదాకా అంటారు.

"పాడనంటే?" అంది మాకియెసె.

"అంటే ఏముంది. ఆయన మనిషివి కాబట్టే పాడనన్నావని అనుకుంటాం."

అతను వెనక్కి చెయ్యి చాపాడు. యూనిఫారం అతను ఒక సీసా అందించాడు. సీమసారా, మూత తియ్యనిది. సూటు మనిషి దాన్ని తెచ్చి నా ముందు నేల మీద పెట్టాడు. రెండు చేతులతో పెట్టాడు.

"మేనమామ మీరే కదా. మేం పద్ధతి తప్పం. మీ మాట కావాలి."

సీసా తాకితే ఒప్పుకున్నట్టు. మా తాతలనాటి పద్ధతి. పిల్లని అడగడానికి వచ్చినవాడు చేసే పని అతను చేశాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు.

నేను తాకలేదు.

"పాడేది అది," అన్నాను. "దాన్నే అడగండి."

లాండు నావైపు చూసింది. నేను వదిలేశాననుకుందో, ఏమనుకుందో. అతను మాత్రం మర్యాదగా పిల్ల వైపు తిరిగాడు.

మాకియెసె చాప మీదనించి లేచింది. ఒళ్ళోని ఎర్ర పొట్టు దులుపుకుంది. నేరుగా అతని మొహంలోకి చూసింది.

"పాడతాను."

"ఒసేయ్!" అంది లాండు.

"పాడతాను అయ్యా. అయితే ఒకటి. రెండో చరణం తర్వాత ఇంకో సందుంది. రికార్డులో అక్కడ ఉత్త గిటారే వస్తుంది. సభలో అలా ఖాళీగా వదిలితే బాగుండదు."

"అయితే?"

"మీ పేరేమిటి?"

అతను నవ్వాడు. "నా పేరెందుకు నీకు?"

"ఇంతమందిలో నన్ను ఒంటరిగా పాడమని ఇంటికొచ్చి పిలిచిన పెద్దమనిషి మీరొక్కరే. ఒర్తాన్స్ కూడా పిలవలేదు అలాగ. మీ పేరు విసరకుండా ఎలా పాడను? డబ్బులక్కర్లేదు. నా సంతోషం."

"వద్దు, వద్దు," అన్నాడు. రెండో వద్దు కాస్త చిన్నగా వచ్చింది. తన బూట్లు చూసుకున్నాడు.

ఈ ఊళ్ళో పాదిరీలనీ చూశాను, జడ్జీలనీ చూశాను, దొంగల్నీ చూశాను. పాడేవాళ్ళు పేరడిగితే మనిషి లోపల ఏదో మెత్తబడుతుంది. వాడెంతవాడైనా అంతే. హాలంతా తన పేరు వినబడటం, తను లేవడం, అందరూ తనవైపు తిరగడం, అదంతా ఒక్కసారి వాడి కళ్ళముందు ఆడుతుంది. అతనికీ ఆడింది. నేను చూశాను.

"బొసెకా," అన్నాడు. "కాప్టెన్ బొసెకా."

"ఇంకోసారి అనండి. సరిగ్గా పలకాలిగా."

"బొసెకా. మా వాళ్ళు పొడుగు బొసెకా అంటారు."

"పొడుగు బొసెకా," అంది పిల్ల మెల్లిగా, రుచి చూస్తున్నట్టు. "కేకేసినప్పుడు లేస్తారుగా?"

"నా పేరు పిలిస్తే లేవకుండా ఎలా ఉంటాను?"

గుమ్మం దగ్గర యూనిఫారం అతను ఒకసారి కాప్టెన్ని చూశాడు. తర్వాత నేల చూశాడు.

కాప్టెన్ లేచి జేబురుమాలు మడిచి పెట్టుకున్నాడు. రేపు జీపు పంపిస్తానన్నాడు. అందరికీ మళ్ళీ దండం పెట్టి, బురద తప్పించుకుంటూ వెళ్ళిపోయాడు. సీసా నా ముందే ఉంది.

పరదా పడగానే జూజి మాకియెసె భుజం పట్టి కుదిపింది.

"పిచ్చిదానా, ఏం చేస్తున్నావే? వాడి పేరెందుకే నీకు? దానికి అంత నవ్వెందుకు?"

మాకియెసె భుజం విడిపించుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళి రెక్కలు తెరిచింది. ఎండ లోపలికొచ్చింది. కిటికీ చెక్క మీద వేళ్ళతో దరువేసుకుంటూ ఎత్తుకుంది.

"వానొచ్చింది, ఎవరి గుమ్మం తట్టను..."

వేళ్ళు ఆగాయి. గిటారు ఆగే చోటది.

"లొకోతా!" అంది. ఊపిరి తీసుకోకుండా, అదే సందులో, ఆ పేరు పక్కనే ఇంకోటి పెట్టింది. "బొసెకా! పొడుగు బొసెకా! నువ్వున్నావుగా!"

రెండూ ఒక్క కేకలో ఒదిగిపోయాయి. ఎప్పటినించో కలిసి తిరిగిన ఇద్దరు స్నేహితుల పేర్లు పిలిచినట్టుంది. రేపు హాల్లో ఆ కేకకి అందరి ముందూ లేవాల్సినవాడు అతనే.

"రెండో చరణం తర్వాత అన్నావుగా," అంది జూజి.

"అన్నాను," అంది మాకియెసె.

లాండు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "కిటికీ," అంది వేళ్ళ సందులోంచి. "కిటికీ ముయ్యవే."

బయట బయల్దేరిన జీపు ఇంజను ఆగిపోయింది. తలుపు తెరిచిన చప్పుడు వినబడింది. మూసిన చప్పుడు కోసం నలుగురం చెవులు రిక్కించి నిలబడ్డాం. అది రాలేదు.